ఏడేళ్ళ లెక్క

నోటరీ అనే మాట మన హాస్టల్లో ఎవరికీ కొత్త కాదు. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్ కార్డులో ఇంకో రకంగా పడి ఉంటుంది. ఇంటరుకూ డిగ్రీకీ మధ్య ఒక ఏడాది బెంగళూరులో సెంట్రింగు పనికి పోయి ఉంటాము, అడ్మిషన్ దగ్గర గ్యాప్ అఫిడవిట్ తెమ్మంటారు. ఇంకొకరి టీసీ బస్సులోనే పోతుంది. కోర్టు గేటు ఎదురుగా వేపచెట్టు పక్కన డీటీపీ షాపులో వివరాలు చెబితే బాండు పేపరు మీద కొట్టి ఇస్తారు. పక్క గదిలో గుండ్రటి సీలు పడుతుంది. అడిగినంత ఇచ్చి బయటపడతాము. ఆ సీలు వేసిన మనిషి ఎవరు, ఆ అధికారం ఆయనకు ఎట్లా వచ్చింది, మనలాంటి వాళ్ళకు అది వస్తుందా అన్న ప్రశ్న మాత్రం మెస్సులో ఎప్పుడూ చర్చకు రాలేదు.

ఈ వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్ళకు పనికొచ్చేది ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. గ్రూప్స్ గురించి, డీఎస్సీ గురించి రాయడానికి నాకంటే అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారు. పోయిన ఎండాకాలం ఒక నోటరీ దరఖాస్తును మొదటి అక్షరం నుంచి చివరి జిరాక్సు దాకా నా చేతులతో తయారు చేశాను. నాకు బాగా తెలిసింది అదే కాబట్టి అదే రాస్తున్నాను.

ఆ దరఖాస్తు నాది కాదు. నేను అయిదేళ్ళ లా కోర్సు పూర్తి చేసి, ఇప్పుడు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎల్.ఎల్.ఎం. మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చేతికి వచ్చిన మొదటివాణ్ణి నేనే. శని, ఆదివారాలు కళ్యాణదుర్గంలో ఒక అక్క ఆఫీసులో కూర్చుంటాను. ఆమె కూడా సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్నదే. కోర్టు ఆవరణలో "మేడమ్" అంటాను, ఆఫీసు గడప దాటితే "అక్కా" అంటాను. ప్రాక్టీసుకు వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆ దరఖాస్తు ఆమెది.

మన దేశంలో నోటరీలకు ఆధారం 1952 నాటి నోటరీల చట్టం, 1956 నాటి నిబంధనలు. కేంద్రమైనా, రాష్ట్రమైనా నియమించవచ్చు. వకీలుగా కనీసం పదేళ్ళు ప్రాక్టీసు చేసి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ వకీళ్ళకూ, ఆడవాళ్ళకూ ఏడేళ్ళు చాలు. అక్కకు ఈ రెండు దారుల్లోనూ అర్హత ఉంది. "రెండు అర్హతలున్నాయని మూడున్నరేళ్ళు చేయరు కదా" అని నవ్వింది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఎవరైనా చిన్న శిక్షణతోనో పరీక్షతోనో నోటరీ కావచ్చట. బ్యాంకు గుమాస్తాలు, కొరియరు షాపుల వాళ్ళు కూడా నోటరీలే. ఫ్రాన్సులో అది పూర్తిగా తలకిందులు. అక్కడ ఆస్తి చేతులు మారాలంటే నోటరీ దగ్గరికే పోవాలి, వాళ్ళది పెద్ద హోదా. మనం రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాము. అర్హతకేమో ఏళ్ళకు ఏళ్ళు కావాలి, సీలుకున్న విలువేమో వేపచెట్టు కింది బేరమంత.

ఏడేళ్ళ లెక్క ఎన్‌రోల్‌మెంట్‌తో మొదలవుతుంది. లా పట్టా చేతిలో ఉంటే వకీలు కాదు, రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి, ఆల్ ఇండియా బార్ పరీక్ష కూడా పాసు కావాలి. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం నమోదు ఫీజు అందరికీ 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. కానీ దేశంలో చాలా చోట్ల ఆ ఫండు, ఈ ఫండు అని వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో చట్టం చెప్పినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదని తీర్పు చెప్పింది. మన తమ్ముళ్ళలో లా చదువుతున్నవాళ్ళు ఈ తేదీని రాసిపెట్టుకోండి. ఎన్‌రోల్‌మెంట్‌కు డబ్బు లేక పట్టాను ట్రంకుపెట్టెలో పెట్టి ప్రైవేటు స్కూల్లో చేరినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

నేను ఎల్.ఎల్.ఎం. అయిన వెంటనే నమోదు చేసుకుందామని ఉన్నాను. అప్పటికి నాకు 24 దాటుతుంది, ఏడు కలిపితే 31 పైమాటే. ఈ లెక్క ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ పొయ్యి దగ్గర సంగటి కెలుకుతా ఉంది. "ఏడేండ్లా? మన బోరు కూడా అన్నేండ్లు పారలేదు కదరా" అనింది. ఆమెది ఎకసెక్కం కాదు. మా ఊళ్ళో కాలాన్ని కొలిచేది బోర్లతోనే. వానలు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే జిల్లా మనది. అదైనా సమానంగా పడదు, శెనక్కాయ ఊడలు దిగే సమయానికి మొహం చాటేస్తుంది. అట్లాంటి చోట ఏడేళ్ళ తర్వాత వచ్చే దానికోసం ఈరోజు మొదలుపెట్టడం ఎవరికైనా వింతగానే ఉంటుంది. మా తమ్ముడు బెంగళూరులో సెక్యూరిటీ పని చేసి నెలనెలా పంపిస్తున్నాడు. జూనియరు వకీలుకు మొదట్లో వచ్చేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. 2019 డిసెంబరులో రాష్ట్రంలో లా నేస్తం అని జూనియర్లకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయలిచ్చే పథకం మొదలైంది. దాంతో రూము అద్దె కట్టుకున్నవాళ్ళను నేను చూశాను. అట్లాంటి పథకాలు ప్రభుత్వాలతో వస్తాయి, పోతాయి. వాటిని నమ్ముకుని ఏడేళ్ళ లెక్క వేయలేము.

దామోదరం సంజీవయ్యగారు మన అనంతపురం దత్తమండల కళాశాలలోనే, అంటే ఇప్పటి ఆర్ట్స్ కాలేజీలోనే డిగ్రీ చదివారు. తర్వాత మద్రాసులో లా చదివేటప్పుడు ఖర్చులకు లెక్కల పాఠాలు చెప్పుకున్నారు. 1960లో ముఖ్యమంత్రి అయ్యారని అందరమూ పరీక్షల్లో రాస్తాము. ఆ లెక్కల పాఠాల సంగతి మాత్రం ఎవరూ అడగరు. నాకు ఇప్పుడు కావలసింది అదే.

దరఖాస్తు విషయానికి వస్తాను. నిబంధనల్లో దాన్ని మెమోరియల్ అంటారు. అచ్చు ఫారం ఉంటుంది, జిల్లా జడ్జి ద్వారా గానీ, తాము ప్రాక్టీసు చేసే కోర్టు అధికారి ద్వారా గానీ పంపాలి. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్టు, ప్రాక్టీసు అనుభవానికి రుజువు, కులధ్రువీకరణ పత్రం, పుట్టిన తేదీ కాగితం అన్నీ జతచేశాము. ఇదంతా మన స్కాలర్‌షిప్ దరఖాస్తు లాంటిదే, పెద్ద కష్టం లేదు. కష్టం ఒకే ఒక చోట వచ్చింది.

నోటరీ కావాలని అడిగినవాళ్ళను నియమించాలా వద్దా అని చూసేటప్పుడు ప్రభుత్వం కొన్ని సంగతులు పరిశీలించాలని నిబంధనల్లో ఉంది. మనిషి ఆ ప్రాంతంలో ఉంటున్నారా, వాణిజ్య చట్టాల మీద అవగాహన ఉందా అన్నవి అందులో ఉన్నాయి. ఇంకొకటి, ఆ ప్రాంతపు వాణిజ్య ప్రాధాన్యాన్ని, ఇప్పటికే ఉన్న నోటరీల సంఖ్యను బట్టి ఇంకొకరు అవసరమా అన్నది. ఆ మాట దగ్గర అక్క పెన్ను ఆపేసింది. "మన ఏరియాకు వాణిజ్య ప్రాధాన్యం ఏముందిరా రాయడానికి?" అని అడిగింది. మిల్లులు లేవు, ఓడరేవు అంతకన్నా లేదు. 1952 చట్టం రాసినవాళ్ళ మనసులో బొంబాయి, మద్రాసు హుండీలు, బిల్లులు మెదిలి ఉంటాయి. హుండీ డబ్బు రాకపోతే ప్రొటెస్టు రాయడం నోటరీ పనుల్లో ఒకటని చట్టంలో ఇప్పటికీ ఉంది. కళ్యాణదుర్గంలో హుండీ అంటే దేవుడి గుడిలో ఉండేదే.

అప్పుడు ఇద్దరమూ ఒక పని చేశాము. నాలుగు శనివారాలు ఆఫీసుకు వచ్చినవాళ్ళు ఏ కాగితం కోసం వచ్చారో నోటుబుక్కులో రాసుకున్నాము. పట్టాదారు పాసుపుస్తకం చెదలు తిని డూప్లికేటు కావలసిన రైతు. బ్యాంకు ఖాతాలో ఒక పేరు, పాసుపుస్తకంలో ఒక పేరు ఉండి పంటల బీమా ఆగిపోయిన ఇంకొక రైతు. కేరళకు వలసపోయి అక్కడే కాన్పయి, నెల దాటిపోయినా బిడ్డ పుట్టుకను నమోదు చేయించని తల్లి. ఈ చివరిదానికి ఒకప్పుడు నోటరీ ముందు ప్రమాణపత్రం తప్పనిసరి, 2023లో జనన మరణాల చట్టాన్ని సవరించి, ఏడాదిలోపు నమోదుకు సొంతంగా ధ్రువీకరించిన కాగితం చాలన్నారు. ఆ సంగతి ఆమెకు చెప్పి డబ్బులు తీసుకోకుండా పంపించాము. "చెప్పకుంటే ఆయమ్మకు ఒక కూలి పోయేది" అనింది అక్క.

ఒక ముసలాయన వచ్చాడు. ఆయన కొడుకు అప్పుల బాధతో చనిపోయాడు. రైతు ఆత్మహత్యల కుటుంబాలకు సాయమిచ్చే పద్ధతి 2004 నాటి జీవో 421తో వచ్చింది. విచారణకు వచ్చిన కమిటీ అప్పు కాగితాలు చూస్తుంది. ఊళ్ళో వడ్డీకి తెచ్చిన డబ్బుకు కాగితమెక్కడిది? ఇచ్చినవాడు ప్రోనోటు తన దగ్గరే పెట్టుకుంటాడు, చచ్చినవాడి ఇంట్లో రుజువు ఉండదు. ఆయన చెప్పింది రాసుకుంటూ అక్క రెండుసార్లు లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది.

ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని మెమోరియల్‌లో ఆ పేరా రాశాము. వాణిజ్యం అంటే ఇక్కడ శెనక్కాయ, గొర్రెలు, వలస అనీ, ఈ మూడింటికీ కాగితం కావాలనీ, ఆ కాగితం కోసం మారుమూల పల్లె మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని వస్తాడనీ రాశాము. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా వేరైంది. ఆఫీసులు మారినప్పుడల్లా కాగితాలు మళ్ళీ కావాలని వస్తున్నవాళ్ళ గురించి కూడా ఒక వాక్యం చేర్చాము. ఇంగ్లీషు చేసింది నేను. అక్క మూడుసార్లు కొట్టేయించింది. "కవిత్వం వద్దు, ఎంతమంది వచ్చారో అంకె వేయి" అనింది.

ఇంత శ్రద్ధ ఈ పని మీద నాకు ఎందుకో కూడా చెప్పాలి.

మా నాయనకు మూడెకరాల డీకేటీ పట్టా ఉంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బోరు వేయడానికి ఊళ్ళో ఒకాయన దగ్గర అప్పు తెచ్చి, వంద రూపాయల బాండు పేపరు మీద వేలిముద్ర వేశాడు. కొన్నేళ్ళకు బోరు ఎండింది, వడ్డీ నిలిచింది. ఆ మనిషి కాగితం పట్టుకుని చేనులోకి వచ్చాడు. అప్పటికి నేను లా రెండో సంవత్సరం. మా ఇంట్లో ఆ కాగితాన్ని మొదటిసారి చదివింది నేనే. అందులో అప్పు అనే మాట లేదు. భూమి అమ్మినట్టు, డబ్బు ముట్టినట్టు, స్వాధీనం చేసినట్టు అగ్రిమెంటు ఉంది. కింద ఒక నోటరీ సీలు ఉంది.

"నాయనా, ఈ సీలు వేసిన వకీలు నిన్ను చూసినాడా?" అని అడిగాను.

"యా వకీలు? నేను ఊళ్ళోనే, రచ్చకట్ట మింద ఏలుముద్ర వేస్తిని. అప్పుకే కదా అనుకుంటిని. ఆయప్ప మడిచి జేబులో పెట్టుకునె."

నోటరీ చేసే పనిలో ప్రాణం ఉన్నది ఇక్కడే. సంతకం చేసిన మనిషి నా ఎదుట నిలబడి చేశాడు, వాడు ఫలానా అని నేను నిర్ధారించుకున్నాను అని చెప్పడానికే ఆ సీలు. ప్రతి పనినీ రిజిస్టరులో రాయాలి, తీసుకున్న ఫీజుకు రసీదు ఇవ్వాలి. నాయన కాగితం మీద రిజిస్టరు నంబరు ఉండవలసిన చోట ఖాళీ ఉంది. సీలు ఏ ఊరిదో, ఎవరిదో ఇక్కడ రాయను, ఈ వ్యాసానికి అది అవసరం లేదు.

ఒకరి మాట మీద ఆ కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పోయాము. అప్పుడే ఆమెను మొదటిసారి చూడటం. నాయన చెప్పులు బయట విడిచి నిలబడితే, "కుర్చీలో కూర్చోన్నా, ఇది కోర్టు కాదు" అనింది. కాగితం చదివి రెండు మాటలు చెప్పింది. ఒకటి, నోటరీ సీలు పడినంత మాత్రాన భూమి చేతులు మారదు. వంద రూపాయలు, ఆ పైన విలువున్న స్థిరాస్తి అమ్మకం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావలసిందే. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు కూడా అగ్రిమెంటు, పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలతో హక్కు రాదని గట్టిగా చెప్పింది. రెండోది, ఇది అసైన్డ్ భూమి. 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆ బదిలీ చెల్లదు, తహసీల్దారు భూమిని తిరిగి అసలు పట్టాదారుకు ఇప్పించవచ్చు. (2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన భూములకు అమ్ముకునే వీలు తెచ్చారు. మా సంగతి అంతకు ముందుది.)

అర్జీ అక్కే రాసిచ్చింది. ఏడాదిన్నర పట్టింది. ఆ లోపల అవతలి మనిషి రెండు పంటలు వేసుకున్నాడు, అందులో ఒకటి ఎండిపోయింది, అది వేరే సంగతి. చివరికి భూమి వచ్చింది. నోటరీ తప్పు చేస్తే నియమించిన ప్రభుత్వానికి ఫిర్యాదు చేయవచ్చు, విచారణ జరిపి పేరు తీసేసే వీలుంది. ఆ ఫిర్యాదు కూడా పెడదామని నేను పట్టుబట్టాను. నాయన ఒప్పుకోలేదు. "భూమి వచ్చింది కదప్పా, ఇంక వకీళ్ళతో మనకేల" అన్నాడు. నా ముందరే, నేను లా చదువుతున్నానని తెలిసే అన్నాడు.

అందుకే నోటరీ ఉద్యోగాన్ని నేను సైడు ఆదాయంగా చూడలేను. నిజానికి ఆదాయం కూడా అంతంతమాత్రమే. ఫీజులు నిబంధనల్లో ఉన్నాయి, ఆ పట్టికను ఆఫీసు లోపలా బయటా కనబడేటట్టు పెట్టాలని కూడా ఉంది. ఎన్ని చోట్ల పెట్టారో మీరే ఈసారి పోయినప్పుడు చూడండి. పట్టిక కనబడకపోతే అడగండి, రసీదు అడగండి. పెళ్ళి కాగితం, విడాకుల కాగితం నోటరీ దగ్గర చేయించుకుంటే చాలనుకునేవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. నోటరీలు అట్లాంటివి చేయకూడదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో మళ్ళీ హెచ్చరించింది. చెల్లెళ్ళు ముఖ్యంగా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టించి పంపించేస్తే అది విడాకులు కాదు.

అక్క దరఖాస్తు పోయి నెలలు దాటింది. అవసరమనుకుంటే బార్ అసోసియేషన్ లాంటి సంస్థల నుంచి అభ్యంతరాలు అడుగుతారు, ఇంటర్వ్యూ పెడతారు. ఇప్పటికే ఉన్నవాళ్ళకే పని లేదు, ఇంకొకరు ఎందుకని బార్ గదిలో ఒకరిద్దరు అన్నారట. అక్క పట్టించుకోలేదు. సర్టిఫికెట్టు వస్తే అయిదేళ్ళకు ఇస్తారు, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. సీలు అయిదు సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉండాలి, పేరు, ప్రాంతం, రిజిస్టరు నంబరు, నియమించిన ప్రభుత్వం అందులో పట్టాలి. అక్క ఇంటిపేరు పొడుగు, అది అయిదు సెంటీమీటర్లలో ఎట్లా పడుతుందో అని అచ్చు షాపాయన ఇప్పటి నుంచే దిగులు పడుతున్నాడు. ఫీజుల బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించే పని నాకు అప్పగించింది.

ఈ లోపల హాస్టల్లో ఎవరికైనా పేరు తప్పు, గ్యాప్, పోయిన మెమో లాంటి పని పడితే, ఆదివారం సాయంత్రం నేను కళ్యాణదుర్గం నుంచి తిరిగి వచ్చేసరికి అసలు కాగితాలు తీసి పెట్టుకోండి, ముసాయిదా నేను రాసిస్తాను. నకళ్ళ మీద మీ సంతకమే చాలే చోట నోటరీకి డబ్బు పెట్టొద్దు. చాలా ఆఫీసులు ఇప్పుడు దానికి ఒప్పుకుంటున్నాయి, ముందు అడిగి చూడండి.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మన హాస్టల్ నుంచి పోయినవాళ్ళలో ఎంతమంది వకీళ్ళయ్యారో వార్డెన్ సార్ దగ్గర లెక్క లేదు. మీరు ఎవరైనా ఈ సంచిక చదివితే, ఏ కోర్టులో ఉన్నారో, ప్రాక్టీసు మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో ఒక కార్డు ముక్క మీద రాసి హాస్టల్ చిరునామాకు పంపండి. మీ ఆఫీసులో జూనియరుకు ఒక కుర్చీ ఖాళీ ఉంటే అది కూడా రాయండి. వచ్చే ఏడాది లా పూర్తి చేసేవాళ్ళు మన దగ్గర ముగ్గురున్నారు.